చేతుల మీద నిలబడ్డ జెండా

అనగనగా, సముద్రం ఒడ్డున ఒక రేవు ఊరు. ఆ ఊళ్ళో యూదులవి మూడంటే మూడే ఇళ్ళు. మూడిళ్ళకీ కలిపి ఒకటే ప్రార్థన ఇల్లు, దాని ముందు చక్కటి వాకిలి.

ఒక ఇల్లు కొంకణం నుంచి వచ్చిన రహమీం తాతది. రెండోది కొచ్చి నుంచి వచ్చిన సిమ్హా అమ్మగారిది. మూడోది మన గుంటూరు వైపు నుంచి వచ్చిన కెజియమ్మది. మొదటి రెండిళ్ళ నిండా జనం. కెజియమ్మ ఒక్కతే.

పంద్రాగస్టు వస్తే ఎవరి పద్ధతి వాళ్ళది. రహమీం తాత ఇంట్లో అటుకుల్లో కొబ్బరీ పంచదారా కలిపి, దేవుడికి స్తోత్రం చెప్పి అందరికీ పంచేవాళ్ళు. సిమ్హా అమ్మగారింటి ఆడవాళ్ళు మలయాళంలో గొంతెత్తి పాడేవాళ్ళు. కెజియమ్మేమో దేశం చల్లగా ఉండాలని తెలుగులో ప్రార్థన చేసేది. అసలు పండగంటే మాదేనని ముగ్గురికీ లోపల్లోపల ఒకటే టెక్కు!

ఒక ఏడు వీధిపెద్ద నూకరాజు వచ్చి, "ఈసారి వీధి జెండా మీ వాకిట్లో ఎగరాలండీ" అన్నాడు. అన్నేళ్ళలో వాళ్ళని అలా అడగడం అదే మొదలు. కెజియమ్మకి కాళ్ళు నేలమీద ఆగలేదు.

తీరా చూస్తే ఆ ఏడు పంద్రాగస్టు శనివారం! శనివారం వాళ్ళకి సబ్బాతు, దేవుడిచ్చిన సెలవు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా తాడు ముడెయ్యకూడదు, విప్పకూడదు, గుంట తవ్వకూడదు. మరి జెండా ఎలా ఎగరేస్తారు?

అప్పుడు రహమీం తాత, "శుక్రవారమే ఎగరేసి ఉంచుదాం" అన్నాడు. ఆ రోజుల్లో పొద్దుగూకేసరికి జెండా దించెయ్యాలి కదా, అదీ కుదర్లేదు. అప్పుడు సిమ్హా అమ్మగారు, "పోనీ, పక్క వీధికి ఇచ్చేద్దాం" అంది.

కెజియమ్మకి చర్రున కోపమొచ్చింది. "ఇన్నాళ్ళకి పిలిచి ఇస్తే వద్దంటామా? శుక్రవారమే వెదురుకి కట్టి లోపల పెడదాం. తెల్లారాక చేతుల్తో ఎత్తి, పొద్దుగూకేదాకా వంతులేసుకుని పట్టుకుందాం. చేతులకి ముడులెందుకు?"

శనివారం పొద్దున్నే మొదటి వంతు రహమీం తాత ఇంటివాళ్ళు పట్టుకున్నారు. ఆ తర్వాత సిమ్హా అమ్మగారింటి ఆడవాళ్ళు పాడుతూ పట్టుకున్నారు. ఆ తర్వాత కెజియమ్మ వంతు.

"నువ్వొక్కదానివి, నీ వంతు కూడా మేం కానిస్తాంలే" అన్నారు వాళ్ళు.

"నా వంతు నాదే. యూదుల్లో మా తెలుగువాళ్ళూ ఉన్నారని ఊరికి తెలియొద్దూ?" అంది కెజియమ్మ.

పట్టుకుంది. సముద్రం మీంచి గాలి లేచింది. చేతులు తిమ్మిరెక్కాయి. జెండా ఒరిగిపోసాగింది. వీధి వీధంతా చూస్తోంది, ఆమెకి ప్రాణం పోయినంత పనైంది.

అప్పుడు రహమీం తాత ఒక పక్కా, సిమ్హా అమ్మగారు ఇంకో పక్కా వచ్చి నిలబడ్డారు. వెదురు మాత్రం ముట్టుకోలేదు. ఆమె మోచేతులు పట్టుకున్నారు. "పట్టుకో కెజియా, వంతు నీదే" అన్నాడు తాత.

జెండా నిటారుగా లేచింది. పొద్దుగూకేదాకా అట్లాగే నిలబడింది. కెజియమ్మ కళ్ళనిండా నీళ్ళు. ఏడుపు కాదు తల్లీ, గర్వం!

మరుసటేడు పంద్రాగస్టు ఆదివారం వచ్చింది. ముడెయ్యొచ్చు, గుంటా తవ్వొచ్చు. అయినా నూకరాజు వీధి జనాన్నంతా వెంటబెట్టుకొచ్చి అన్నాడు కదా, "చేతుల్తోనే పట్టుకుందామండీ. మాకూ ఓ వంతివ్వండి."

పొద్దేమో కొండల్లోకి,
కథేమో కంచిలోకి,
మా తల్లి నిద్దట్లోకి,
మనమింక ఇంట్లోకి!