గిటారుకు పట్టని పురుగు

కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొట్టడం మానావంటే నేను కథ ఆపేస్తాను, ముందే చెబుతున్నా.

అనగనగా, రైలు కూత పెట్టందే కోడి కూడా నిద్ర లేవని ఒక ఊళ్ళో ఎస్తేరు అని ఒక అమ్మాయి ఉండేది. స్టేషను పక్కన గూడ్సు ఆఫీసులో టైపు కొట్టేది. పగలంతా టకటకా టైపు కొట్టి, ఇంటికొచ్చి అవే వేళ్ళతో గిటారు మీటేది. ఈ కథ ఆ ఎస్తేరే నాకు చెప్పింది. ఒక్కసారే చెప్పింది, అదీ తల వంచుకుని.

ఆ ఊళ్ళో రైల్వే వాళ్ళకి ఒక క్లబ్బు ఉండేది. శనివారం సాయంత్రాలు అక్కడ ఒక బ్యాండు వాయించేది. వాళ్ళు వాయించేది జాజ్. జాజిపువ్వు కాదు తల్లీ, జాజ్. ముందు ఒక చిన్న వరస పట్టుకుంటారు. ఆ తర్వాత దాన్ని ఒకరు వంచుతారు, ఒకరు సాగదీస్తారు, ఒకరు ఆటపట్టిస్తారు. ఎంత దూరం తిరిగినా అందరూ మళ్ళీ ఆ వరస దగ్గరికే వచ్చి చేరతారు. ఎస్తేరుకి ఆ పాటంటే ప్రాణం. ఆ బ్యాండులో ఒక కుర్చీ దొరికితే చాలనుకునేది.

బ్యాండు మాస్టారు జోనా గారు ఒకరోజు ఆమె వాయించింది విన్నారు. నీ వేళ్ళకి పాట తెలుసమ్మా, నీ గిటారుకే తెలీదు అన్నారు. ఎందుకంటే ఎస్తేరుది పలక గిటారు. నిండు చెక్క. కరెంటు పెడితే గట్టిగా అరుస్తుందే కానీ, గరిటెతో పళ్ళెం మీద కొట్టినట్టుంటుంది. జాజ్‌కి బోలు గిటారు కావాలి. దాని కడుపు ఖాళీగా ఉంటుంది. తీగ మీటితే లోపలి గాలి కూడా ఊఁ కొడుతుంది, నువ్వు కొడుతున్నట్టే.

నెల తిరిగేలోగా బోలు గిటారు తెచ్చుకుంటే తన పక్కన కుర్చీ వేస్తానన్నారు మాస్టారు. కొనేముందు మూడు చూసుకోమన్నారు. మెడ తిన్నగా ఉందో లేదో చూడాలి. పొట్ట మీద వేలితో కొడితే మంచి కుండలా మోగాలి. కరెంటు పెట్టకుండా ఒకసారి వాయించాలి, ఉత్తప్పుడు పలకనిది కరెంటుతోనూ పలకదు.

అప్పుడు ఎస్తేరు దాచుకున్న జీతం రుమాల్లో కట్టుకుని బయల్దేరింది.

మొదట పట్నంలో పెద్ద కొట్టుకి వెళ్ళింది. అక్కడ అద్దాల బీరువాలో తేనె రంగు గిటారు ఉంది. మెడ తిన్నగా ఉంది. పొట్ట కుండలా మోగింది. ఒక్క తీగ మీటితే ఒళ్ళు ఝల్లుమంది. ఆ తర్వాత ధర అడిగింది. కొట్టాయన చెప్పాడు. ఎస్తేరు గిటారుని పసిపిల్లని దించినట్టు దించి, మళ్ళీ వస్తానండీ అని చెప్పి వచ్చేసింది. మళ్ళీ రాదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత మెయిన్ బజారులో చిన్న కొట్టుకి వెళ్ళింది. అక్కడ ఎర్రగా తళతళలాడే బోలు గిటారు ఉంది. ధర కూడా చేతికందేదే. కానీ పొట్ట మీద కొడితే అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్ అంది. మెడ వంకర. మెడ మీదుండే కింది మెట్ల దగ్గర బాగానే పలికి, పై మెట్లకి వెళ్ళేసరికి శ్రుతి తప్పింది. పోనీ ఇదే కొనేద్దామా అని రెండుసార్లు రుమాలు ముడి విప్పి, రెండుసార్లు కట్టేసుకుంది.

మూడోది సువార్తమ్మ గారింట్లో దొరికింది.

సువార్తమ్మ గారు రైల్వే కాలనీలో ఉండేవారు. ఆమె భర్త సామ్యేలు గారు గూడ్సు బండి గార్డు. పోయి ఏడాది దాటింది. ఆయన బతికున్నన్నాళ్ళూ అదే బ్యాండులో గిటారు వాయించారు. సొంతంగా పాటలు కూడా కట్టేవారు. గిటారు, ఆ పాటలు రాసుకున్న పుస్తకాలు, అన్నీ ఒక టేకు పెట్టెలో ఉండేవి. ఆ పెట్టె ఆయన చేతులతో చేసుకున్నదే.

ఎస్తేరు వెళ్ళి ఆ గిటారు అమ్ముతారా అని అడిగితే, ఆవిడ పెట్టె తెరిచి చేతికిచ్చారు. ఎస్తేరు మెడ చూసింది, తిన్నగా ఉంది. పొట్ట మీద వేలితో కొట్టింది, కుండలా మోగింది. తీగ మీటింది. పట్నంలో తేనె రంగు గిటారు కూడా దీని ముందు తక్కువే అనిపించింది. లోపల ఎవరో పెద్దాయన మెల్లగా మాట్లాడుతున్నట్టుంది.

సువార్తమ్మ గారు ధర చెప్పారు. అన్యాయం ధర కాదు. కానీ రుమాల్లో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ.

అప్పుడు ఎస్తేరు ఏం చెయ్యాలి? నా దగ్గర ఇంతే ఉందండీ అని చెప్పాలి. ఆవిడ ఇస్తే ఇచ్చేవారు, లేకపోతే లేదు. కానీ లేదని చెప్పడానికి ఎస్తేరుకి సిగ్గేసింది. గిటారుని ఊరికే అటూ ఇటూ తిప్పింది. అప్పుడు పాట బయటికి రావడానికి పొట్ట మీద కోసిన చీలికలోంచి చిటికెడు గోధుమరంగు పొడి ఆమె ఒళ్ళో రాలింది. వాసన చూసింది. ముక్కుపొడి. సామ్యేలు గారి ముక్కుపొడి ఎప్పుడో జారి లోపల పడిందన్నమాట.

సువార్తమ్మ గారికి కళ్ళల్లో శుక్లాలు. ఏమిటమ్మా అది అని అడిగారు.

"పురుగు పట్టిందండీ పిన్నిగారూ. చెక్క పొడి రాలుతోంది" అంది ఎస్తేరు.

చూశావా. లేదని చెప్పడానికి సిగ్గుపడిన పిల్ల, అబద్ధం చెప్పడానికి సిగ్గుపడలేదు.

సువార్తమ్మ గారు గిటారు పొట్టని చేత్తో తడిమారు. ఆ తర్వాత, పురుగు పట్టినదాన్ని ఆ ధరకి అమ్మితే దేవుడు ఒప్పుకోడు, నువ్వెంత ఇస్తే అంతే ఇవ్వు అన్నారు. ఎస్తేరు రుమాలు విప్పి ఉన్నదంతా ఇచ్చి, గిటారు భుజానికి తగిలించుకుంది. దారి పొడుగునా గెలిచినట్టే నడిచింది.

వారం గడిచింది. ఆదివారం మధ్యాహ్నం ఎస్తేరు గుమ్మంలో సువార్తమ్మ గారు నిలబడి ఉన్నారు. ఎండలో నడిచొచ్చారు. చేతిలో చిన్న సీసా ఉంది. కిరసనాయిల్లో కర్పూరం కలిపి పూస్తే పురుగు చస్తుందని వడ్రంగి చెప్పాడట. చెడిపోయిన వస్తువు నీకు అంటగట్టానమ్మా, నాకు నిద్ర పట్టడం లేదు అన్నారు.

ఎస్తేరు వద్దంది. ఆవిడ వినలేదు. గిటారు ఒళ్ళో పెట్టుకుని, సీసాలో దూదిపుల్ల ముంచారు. కళ్ళు కనపడవు కదా, వేళ్ళతో తడుముతూ అడిగారు.

"ఇక్కడేనా?"

"అవునండీ" అంది ఎస్తేరు.

పుల్ల పక్కకి జరిగింది. "ఇక్కడా?"

"అవునండీ."

మెడ మొదట్లో చెయ్యి ఆగింది. సామ్యేలు గారి బొటనవేలు ఆని ఆని చెక్క నున్నబడ్డ చోటు అది. "ఇక్కడ కూడానా అమ్మా?"

ఎస్తేరు ఆ చెయ్యి వైపు చూడలేక మొహం తిప్పుకుంది. అయినా అవునండీ అనే అంది. ఒక అబద్ధం నాలుగయింది.

సువార్తమ్మ గారు ప్రతి చోటా ఓపిగ్గా పూశారు. ఆ తర్వాత సీసా మూత పెడుతూ, మామూలు మాట చెప్పినట్టు ఒక మాట చెప్పారు. పురుగు ఇంట్లో ఉంటే తలుపులకీ దూలాలకీ పాకుతుందని పక్కింటివాళ్ళు భయపెట్టారట. అందుకని ఆ టేకు పెట్టె పగలగొట్టించి నీళ్ళ పొయ్యిలో పెట్టేశారట. పుస్తకాలకి కూడా పట్టే ఉంటుంది కదా, వాటిని కూడా పెట్టేశారట.

ఆవిడ మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. వీధి మలుపు తిరిగేదాకా ఎస్తేరు అలా చూస్తూనే ఉంది. పరిగెత్తుకెళ్ళి చెప్పాలనుకుంది. వెళ్ళలేదు.

వింటున్నావా? ఊఁ అను మరి.

ఆ తర్వాత శనివారం వచ్చింది. జోనా మాస్టారు మాటిచ్చినట్టే తన పక్కన కుర్చీ వేశారు. ఎస్తేరు గిటారు మీటగానే బ్యాండువాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. సామ్యేలు గారి గిటారే కదా, ఎంతకిచ్చారమ్మా అని అడిగారు. తక్కువలోనే దొరికిందండీ అంది. బేరమాడ్డంలో గట్టిదానివే అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

మొదటి పాట వాయించింది. రెండో పాట వాయించింది. మూడో పాటలో ఎస్తేరు ఒక్కతే వాయించే వంతు వచ్చింది. గిటారు మీదికి వంగింది. లోపల్నుంచి కర్పూరం వాసన వచ్చింది. వేళ్ళు ఆగిపోయాయి. డ్రమ్ము కొట్టేవాడు కాసేపు ఒక్కడే కొట్టి, వాడూ ఆపేశాడు. జనం చూస్తున్నారు. ఎస్తేరు లేచి గిటారు తీసుకుని బయటికి వచ్చేసింది.

మర్నాడు చర్చి అవగానే సువార్తమ్మ గారింటికి వెళ్ళింది. ఆవిడ వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. కళ్ళతో కాదు, వేళ్ళతో. ఎస్తేరు కూర్చోలేదు.

"పిన్నిగారూ, గిటారుకి పురుగు పట్టలేదండీ. ఆ రోజు రాలింది బాబాయిగారి ముక్కుపొడి. నా దగ్గర డబ్బు చాలక అలా చెప్పాను."

ఆవిడ చేతులు చేటలో ఆగిపోయాయి. "ముక్కుపొడా? మానేశానని నా మీద ఒట్టేశాడే" అన్నారు. పెదవి చివర నవ్వులాంటిది వచ్చింది. ఆ తర్వాత అది పోయింది. మెల్లగా మొహమంతా రాయిలా అయిపోయింది.

"ఆ పెట్టె, పుస్తకాలు పెట్టి కాచిన నీళ్ళతో నేను స్నానం కూడా చేశాను" అన్నారు.

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. ఎస్తేరు గిటారు అరుగు మీద పెట్టబోయింది. ఆవిడ వద్దన్నారు. దాన్ని పెట్టుకుని నేనేం చేసుకోను, తీసుకెళ్ళు, నువ్వు కూడా వెళ్ళు అన్నారు. బియ్యం చేట తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఎస్తేరు క్లబ్బుకి వెళ్ళి, మాస్టారికి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ కుర్చీ తనకి వద్దంది. మాస్టారు తల పట్టుకున్నారు. ఆ పుస్తకాల్లో పాటలు ఆయన ఎన్నేళ్ళుగానో అడుగుతున్నవట. సామ్యేలు గారు రేపు రేపు అంటూనే వెళ్ళిపోయారట.

ఆ తర్వాత ఆదివారం ఎస్తేరు మళ్ళీ సువార్తమ్మ గారింటికి వెళ్ళింది. తలుపు తియ్యలేదు. అరుగు మీద కూర్చుంది. ఏం చెయ్యాలో తెలియక, చిన్నప్పుడు క్లబ్బు కిటికీ దగ్గర నిలబడి విన్న సామ్యేలు గారి పాట ఒకటి మెల్లగా వాయించి వచ్చేసింది.

ఆ పై ఆదివారం వెళ్ళింది. తలుపు తీసే ఉంది. ఎవరూ పలకరించలేదు. వాయించి వచ్చేసింది.

మూడో ఆదివారం అదే పాట వాయిస్తుంటే వంటింట్లోంచి గొంతు వినిపించింది.

"అక్కడ అలా కాదు. అక్కడ కిందికి దిగేవాడు."

ఆ తర్వాత ఆ గొంతు సన్నగా, కొంచెం వణుకుతూ, ఆ వరస ఎలా దిగేదో పాడి వినిపించింది. ఎస్తేరు వెతుక్కుంటూ వెతుక్కుంటూ వాయించింది. కాదు అంది గొంతు. మళ్ళీ వాయించింది. కాదు. మళ్ళీ. ఈసారి కాదనలేదు. తాలింపు చిటపట మాత్రం వినిపించింది.

అప్పట్నుంచి ఎస్తేరు ప్రతి ఆదివారం వెళ్ళేది. గిటారు ధరలో తగ్గించి ఇచ్చిన డబ్బు తీసుకెళ్తే సువార్తమ్మ గారు ఒక్క మాట అనకుండా తీసుకున్నారు. అది న్యాయమే కదా. పాటలు మాత్రం అంత తేలిగ్గా రాలేదు. పప్పు రుబ్బుతుంటే ఒకటి గుర్తొచ్చేది. సగం పాడి, మిగతా సగం పోయిందమ్మా అనేవారు. అప్పుడు ఆ సగాన్నే ఎస్తేరు మళ్ళీ మళ్ళీ వాయించేది. పుస్తకాల్లో ఎన్ని పాటలుండేవో ఎవరికీ తెలీదు. రెండేళ్ళు కూర్చుంటే ఏడు దొరికాయి.

ఎస్తేరు ఒక కొత్త పుస్తకం కొని ఆ ఏడూ రాసింది. పై అట్ట మీద సామ్యేలు గారి పేరు రాసి, చదివి వినిపించింది. సువార్తమ్మ గారు పుస్తకం తీసుకుని అట్టంతా చేత్తో తడిమారు.

ఎస్తేరు అప్పుడు అడిగింది, నన్ను క్షమించారా పిన్నిగారూ అని. ఆవిడ పుస్తకం తిరిగి ఇచ్చి, లోపల మొదటి పేజీలో ఇంకో మాట రాయమన్నారు.

"సామ్యేలు పాటలు ఇంకా చాలా ఉండేవి. కాల్చింది సువార్తమ్మ. కాల్పించింది ఎస్తేరు. అలా రాయి. చదివేవాళ్ళకి మిగతావి ఏమయ్యాయో తెలియాలి కదా."

ఎస్తేరు ఒక్క అక్షరం తగ్గించకుండా రాసింది. రాసింది చదవమన్నారు. చదివింది. అప్పుడు ఆవిడ లేచి వెళ్ళి, రెండు కంచాలు పెట్టారు.

ఆ తర్వాత చాన్నాళ్ళకి మాస్టారు ఎస్తేరుని మళ్ళీ పిలిచి కుర్చీ వేశారు. శనివారం శనివారం ఆ పుస్తకం ముందు పెట్టుకుని వాయించేది. బ్యాండులో కొత్తగా చేరినవాళ్ళు పుస్తకం తిరగేసి, మొదటి పేజీలో ఇదేమిటండీ అని అడిగేవారు. అడిగిన ప్రతివాళ్ళకీ ఎస్తేరు చెప్పేది. చెప్పిన ప్రతిసారీ మొహం కందగడ్డలా అయ్యేదట. అయినా ఆ పేజీ చింపలేదు, దాని మీద వేరే కాయితం అంటించలేదు.

ఇంక కళ్ళు మూసుకో నా తల్లీ.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో మన ఇంటి తలుపు తట్టింది.