వేడిమీద ఆగే బండి

ఓబులేసు ఒకే కారును రెండుసార్లు బాగుచేసి "అయిపోయింది, తీసుకుపో మామా" అని చెప్పాడు. రెండుసార్లూ అది నల్లమల ఘాట్లో సగం దారిలో ఆగి కూర్చుంది. మూడోసారి కారు యజమాని మద్దిలేటి దాన్ని లారీకి కట్టి షెడ్డుకు లాక్కొచ్చేసరికి ఓబులేసుకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నంద్యాలలో ఖాదర్ బాషా షెడ్డంటే తెలియనివాళ్ళు లేరు. ఆయన్ని ఊరంతా ఉస్తాద్ అంటుంది. ఓబులేసు ఆయన దగ్గర ఏళ్ళ తరబడి పని నేర్చినవాడు, చెయ్యి తిరిగినవాడు. ఆ సంగతి తనకూ కొంచెం ఎక్కువగానే తెలుసు.

మద్దిలేటి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"గిద్దలూరు నుంచి మా పాపను కాన్పుకు తెచ్చుకోవాల అబ్బీ. ఈ సాయంత్రమే వస్తానని చెప్పినా. నిండు మనిషిని పెట్టుకొని అడవి మధ్యలో ఆగితే నేనేం చేసేది? బాగైందా లేదా, ఈసారి నిజం చెప్పు, చాలు."

ఓబులేసు బానెట్ ఎత్తి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆ షెడ్డులో ఒక కట్టుబాటుంది. ఎంత తొందరున్నా సరే, వచ్చిన బండికి బానెట్ ఎత్తి వదిలేయాలి. టీ తాగాలి. ఇంజన్ చల్లారాకే చెయ్యి పెట్టాలి. ఉస్తాద్ మణికట్టు మీద అరచేతి వెడల్పున కాలిన మచ్చ ఉంది. దాన్ని చూసినవాడెవడూ ఆ మాట ఎందుకని అడగడు. ఓబులేసు ఒక్కనాడూ ఆ కట్టుబాటు తప్పలేదు.

టీ అయ్యాక, తప్పెక్కడుందో చూపే కంప్యూటర్‌ను బండికి తగిలించాడు. మళ్ళీ అదే మాట: క్యామ్ సెన్సార్. బొటనవేలంత ముక్క అది. ఇంజన్ పైన తిరిగే షాఫ్టు ఎక్కడిదాకా వచ్చిందో కనిపెట్టి చెబుతుంది. అది నోరు మూసుకుంటే పెట్రోలు ఎప్పుడు చిమ్మాలో బండికి తెలియదు. ఓబులేసు మీటర్ పెట్టి చూశాడు. సెన్సార్ నిక్షేపంగా ఉంది, పోయిన రెండుసార్లూ ఉన్నట్టే.

"కంప్యూటర్ అబద్ధం చెప్తాంది ఉస్తాద్" అన్నాడు. "వైరు మార్చినా, పిన్నులు మార్చినా. బాగున్న సామాను పీకి కొత్తది వేసేదానికి నాకు మనసొప్పదు."

ఉస్తాద్ లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి బకెట్లో ముంచి, పిండకుండానే ఒక డబ్బాలో వేసుకున్నాడు. తాళం చెవి అందుకున్నాడు.

"ఎక్కు బేటా."

మిట్టమధ్యాహ్నం. రోడ్డు పెనంలా ఉంది. ఉస్తాద్ ఇంజన్ బాగా వేడెక్కేట్టు ఏసీ పెట్టి, చిన్న గేరులోనే బండిని గిద్దలూరు దారిలో అదిలించాడు. ఆయన ఇంజన్‌ను అంత ఏడిపించడం ఓబులేసు ఎప్పుడూ చూడలేదు. బండి మాత్రం ఏ రోగమూ లేనట్టు ఉరుకుతోంది. ఆగకుంటే బాగుండుననుకున్నాడు ముందు. కాసేపటికి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, రోగం బయటపడేదానికి ఒక బండి ఆగిపోవాలని మొక్కుకున్నాడు.

ఆగింది. ఉస్తాద్ తాళం తిప్పాడు. ఇంజన్ తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదు.

ఓబులేసు ఉరికి బానెట్ ఎత్తాడు. ఎత్తి, అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కి వేసి టీ కొట్టు కోసం చూశాడు. "చల్లారనీ ఉస్తాద్, అట్ల టీ తాగొద్దాం."

ఉస్తాద్ డబ్బా తెచ్చాడు. పొడుగు స్క్రూడ్రైవరుతో తడి తువ్వాలును లేపి ఆ బొటనవేలంత ముక్క మీద మాత్రమే పరిచాడు. గుప్పున ఆవిరి లేచింది. మిగతా ఇంజన్ సెగలు కక్కుతూనే ఉంది. కాసేపు చూసి, ఇంకాస్త నీళ్ళు పోశాడు.

"ఇప్పుడు సెల్ఫ్ కొట్టు."

ఓబులేసు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అంటుకుంది.

ఉస్తాద్ తువ్వాలు తీసేశాడు. ఇద్దరూ ఇంజన్‌కేసి చూస్తూ నిలబడ్డారు. సెగ మళ్ళీ పైకి పాకింది, ఇంజన్ ఒకసారి తడబడి ఆగిపోయింది. తువ్వాలు వేశాడు. కాసేపాగి కొడితే అంటుకుంది. వేడెక్కితేనే సెన్సార్ నోరు మూసుకుంటోంది, చల్లారితే తెరుస్తోంది. ఇన్నాళ్ళూ దొంగను వాడు నిద్రపోయాక పరీక్ష చేశానని ఓబులేసుకు అప్పటికి తెలిసింది. పట్టరాని సంతోషం వచ్చింది, దాని వెనకే సిగ్గు వచ్చింది.

దారిపొడుగునా సెన్సార్‌ను తడుపుతూ షెడ్డుకొచ్చి ఓబులేసు కొత్తది బిగించాడు. మద్దిలేటిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఎండలోనే, అదే చిన్న గేరులో, ఘాటు మొదలుదాకా పోయి వచ్చాడు. బండి ఎక్కడా తడబడలేదు.

"పో మామా. పాపను తెచ్చుకో" అన్నాడు. మద్దిలేటి అతని ముఖంలోకి ఒక్కసారి చూసి, ఇంకేమీ అడగకుండా బయల్దేరాడు.

కారు కనుమరుగయ్యాక ఓబులేసు మెల్లగా అన్నాడు. "చల్లారాకే చెయ్యి పెట్టమని మీరే గదా చెప్పింది ఉస్తాద్."

ఉస్తాద్ తువ్వాలు పిండి తీగ మీద ఆరేస్తున్నాడు.

"చేతికి చెప్పినా" అన్నాడు. "కళ్ళకు, చెవులకు చెప్పలేదే."

అంతలో ఇంకో బండి పొగలు కక్కుతూ షెడ్డులోకి వచ్చి ఆగింది. టీ కూడా వచ్చింది. ఓబులేసు గ్లాసును గట్టు మీద పెట్టేశాడు. బానెట్ ఎత్తి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఆ సెగలోకి వంగి వినసాగాడు.