మాట వినే దోనె

అనగనగా, చుట్టూతా నీళ్ళే ఉన్న ఒక ఊరు. పేరు తూటిలంక. ఆ ఊళ్ళో ఉప్పు నిండుకున్నా దోనె ఎక్కాల్సిందే, పెళ్ళి పిలుపుకైనా దోనె ఎక్కాల్సిందే. దోనె అంటే తెలుసుగా బంగారం? తాటిమానుని మధ్యలో తొలిచి, ముందు వైపు ముక్కులా చెక్కుతారు. అందులో ఒక్క మనిషి కూర్చుని, తెడ్డు వేసుకుంటూ ఎంత దూరమైనా పో... కాదు కాదు, వెళ్ళొచ్చు.

చూశావా, ఎలా ఆగానో? ఎందుకు ఆగానో నీకే తెలుస్తుందిలే. ఊఁ కొట్టు మరి.

ఆ ఊళ్ళో నాంచారి అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు గంగరాజు. వాళ్ళకో కూతురు. దాని అసలు పేరు ఏదో ఉందిలే, అందరూ పిచ్చిక అనే పిలిచేవాళ్ళు. చెరువులో వల విసిరేది నాంచారి. ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసి, చేపలు ఎండబెట్టేది గంగరాజు. ఇద్దరికీ నోరు పెద్దదే. పోట్లాడుకోని పూట ఉండేది కాదు, పోట్లాట దాటి నిలిచిన కోపమూ ఉండేది కాదు.

ఒక ఏడు వాళ్ళ పాత దోనె చీకిపోయింది. అప్పుడు నాంచారి దోనెలు చెక్కే అప్పన్న దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, నాకు మూడు పనులకీ పనికొచ్చే దోనె కావాలి. నించుని వల విసిరితే ఒరగకూడదు. అవతలి దిబ్బ మీద ఓ రాత్రి ఉండాల్సి వస్తే చాప, కుండ, బియ్యం, పైన కప్పుకునే పట్టా అన్నీ పట్టాలి. నీళ్ళు అద్దంలా ఉన్న రోజున మా పిచ్చికని ఎక్కించుకుని ఊరికే అలా తిప్పుకురావాలి."

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ, ఒక్క దోనెలో మూడు దోనెలు అడుగుతున్నావే!" అని నవ్వాడు అప్పన్న.

మొదట ఒక సన్నదోనె చూపించాడు. ఎక్కి తెడ్డు వేస్తే నీటిపాములా దూసుకెళ్ళింది. కానీ నాంచారి వల తీసుకుని లేచి నించుందో లేదో, బుడుంగున ఒరిగి ఆవిణ్ణి నీళ్ళలో ముంచింది.

ఆ తర్వాత జంటదోనె చూపించాడు. రెండు తాటిమానులు పక్కపక్కన పెట్టి, మీద చెక్కలు కొట్టినది. దాని మీద పిచ్చిక గెంతులు వేసినా కదలదు, అరుగులా ఉంటుంది. కానీ నాచు అడ్డొస్తే ఈడవాలంటే ఒక్క మనిషి వల్ల కాదు. "ఇది మా ఆయనలాగే ఉంది బాబాయ్. చోటుకి చోటూ కావాలి, తొయ్యకపోతే కదలదు," అంది.

అప్పుడు నాంచారికి అప్పన్న పాక వెనకాల బోర్లా పడున్న దోనె కనిపించింది. నల్లగా, నున్నగా ఉంది. పొడుగూ వెడల్పూ కొలిచి చేసినట్టు సరిపోయింది. పక్కనున్న వాటన్నిటి మీదా నాచు పట్టింది, దీని మీద పట్టలేదు. అరచేత్తో తట్టింది. చప్పుడు వెంటనే రాలేదు. చెయ్యి తీసేశాక, కాస్త ఆగి, లోపలినుంచి ఎవరో తట్టినట్టు వచ్చింది.

"అది నేను చెక్కింది కాదమ్మాయ్," అన్నాడు అప్పన్న మెల్లగా. "మా నాన్నా చెక్కలేదు. ఒక పొద్దున్న లేచేసరికి ఇక్కడ ఉందిట. కావాలంటే ఊరికే తీసుకెళ్ళు. అది మాట వింటుంది. అదే దాని గుణం, అదే దాని దోషం. ఎక్కేముందు 'వెళ్ళొస్తా' అనడం మాత్రం మర్చిపోకు."

"భలేవాడివే! వెళ్ళొస్తా అనకుండా గడప దాటేవాళ్ళు మన ఊళ్ళో ఎవరున్నారు?"

"కోపం వచ్చినప్పుడు అందరూ ఉంటారు," అన్నాడు అప్పన్న.

ఆ మర్నాడు నాంచారి వల సర్దుకుని, "వెళ్ళొస్తా," అని దోనె ఎక్కింది. తొయ్యకుండానే దోనె కదిలింది. నించుని వల విసిరితే పట్టుకున్నట్టు నిలిచింది. కొర్రమీనులు, జెల్లలు బుట్ట నిండా పడ్డాయి. 'ఇంక చాల్లే' అని అనుకునేసరికి, తెడ్డు ముట్టకుండానే దాని ముక్కు ఇంటివైపు తిరిగింది.

ఆ తర్వాత ఒకసారి చాప, కుండ వేసుకుని, "వెళ్ళొస్తా," అని అవతలి దిబ్బకి వెళ్ళింది. దోనెని నీళ్ళ ఒడ్డున గుంజకి కట్టి, దిబ్బ మీద పట్టా కప్పుకుని పడుకుంది. తెల్లారి కళ్ళు తెరిస్తే, దోనె చాప పక్కనే ఉంది. నీళ్ళ దగ్గర్నుంచి చాప దాకా ఇసుకలో ఈడ్చిన గాడి ఉంది. అడుగుల జాడలు మాత్రం లేవు.

ఆ తర్వాత, గాలి లేని ఒక సాయంత్రం, పిచ్చికని ఎక్కించుకుంది. పిల్ల నీళ్ళలోకి తొంగి చూసి, "అమ్మా, నీళ్ళలో నువ్వున్నావు, నేనున్నాను. దోనె లేదేంటే?" అంది.

"తొంగి చూడకు, పడతావ్," అంది నాంచారి. తను మాత్రం చూడలేదు. మంచి దోనె దొరికింది కదా, వదులుకోడానికి మనసొప్పలేదు.

అలా ఉండగా, పొగమంచు పట్టిన ఒక పొద్దున్న నాంచారి గుమ్మంలో కూర్చుని పిచ్చికకి జడలు వేస్తోంది. ఒక జడ అయింది. రెండోదాని కోసం ఎర్ర రిబ్బను కుడిచేతి వేళ్ళకి చుట్టుకుంది. గంగరాజు ఖాళీ గిన్నె తెచ్చి ఆవిడ ముందు ఠంగున పెట్టాడు.

"గంజి లేదు, మంచినీళ్ళు లేవు. ఆ దోనె వచ్చాక మొగుడనేవాడు కళ్ళకి ఆనట్లేదు నీకు. దాంతోనే కాపరం చెయ్యకపోయావా?"

"అదే నయం! చెప్పిన మాట వింటుంది!" అని నాంచారి దిగ్గున లేచింది. "నువ్వూ, నీ గంజీ! పోతున్నా, పో!"

"అమ్మా, రెండో జడ!" అని పిచ్చిక అరిచింది. అప్పటికే నాంచారి దోనెలో కాలు పెట్టేసింది.

దోనె కదిలింది. వెనక ఒడ్డు కనపడకుండా మంచు మూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాంచారికి, తను అన్న మాట. 'వెళ్ళొస్తా' అనలేదు, 'పోతున్నా' అంది.

మొదట తెడ్డు ఎడమకి వేసింది. దోనె తిరగలేదు. ఆ తర్వాత వెనక్కి వేసింది. ఆగలేదు, కనీసం నీళ్ళ చప్పుడు కూడా రాలేదు. ఇక లాభం లేదని దూకబోయి నీళ్ళలో కాలు పెట్టింది. కాలు తడవలేదు. గభాల్న వెనక్కి తీసుకుని ముడుచుకు కూర్చుంది.

కొంతసేపటికి దోనె ఒక దిబ్బకి తగిలి ఆగింది. ఆ చెరువులో పుట్టి పెరిగిన నాంచారి ఆ దిబ్బని ఎప్పుడూ చూడలేదు. అక్కడ మనుషులు ఉన్నారు, బోలెడుమంది. అందరూ నవ్వుతూ ఎదురొచ్చారు.

ఒకాయన గడ్డం ఒక చెంపన గీసి ఉంది, రెండో చెంపన లేదు. ఒకావిడ చేతిలో సున్నం రాసి, వక్క పెట్టని తమలపాకు ఉంది. ఇంకొకాయన ఒక కాలికే చెప్పు వేసుకున్నాడు. అందరూ ఏదో పని సగంలో వదిలేసి, విసురుగా లేచి వచ్చేసినవాళ్ళే. నాంచారి తన వేళ్ళకి చుట్టుకున్న రిబ్బను చూసుకుంది.

"అన్నం తిను తల్లీ," అని ఒక ముసలావిడ విస్తరి వేసింది. వేడన్నమే, కానీ ఆవిరి లేదు.

"చెయ్యి ఖాళీ లేదు అవ్వా," అంది నాంచారి.

"కాసేపు కూర్చో తల్లీ."

"పిల్ల ఎదురుచూస్తోంది అవ్వా. సగం జడతో ఉంది."

"అయ్యో, దానికేం భాగ్యం! అడిగితే దోనె ఇంటికి తీసుకెళ్తుంది," అంది ముసలావిడ. "నేనూ వెళ్ళాగా. 'వెళ్ళొస్తా' అని అందరికీ చెప్పి మరీ వెళ్ళాను. వాకిట్లో నా కోడలు ముగ్గు వేస్తోంది. నన్ను చూసి 'అత్తా' అని లేవబోయింది. ఈలోపే వచ్చేశాను. వెళ్ళొస్తానని మాటిచ్చాక రావద్దూ మరి? నువ్వూ అలాగే మర్యాదగా చెప్పి వెళ్ళు తల్లీ."

అప్పుడు అర్థమైంది నాంచారికి. ఇంట్లో అనకూడని మాట ఏదో, ఇక్కడ అనాల్సింది అదే. కానీ పెద్దవాళ్ళు ఎదురుగా నిలబడి, అంత ప్రేమగా సాగనంపుతుంటే ఆ మాట నోటికి వస్తుందా, చెప్పు? మర్యాద తెలిసినవాళ్ళంతా అందుకే అక్కడ ఉండిపోయారు.

నాంచారి దోనె ఎక్కి నోరు తెరిచింది. "వెళ్..." అని వచ్చేసింది. చటుక్కున నాలుక కరుచుకుంది. మళ్ళీ తెరిచింది. పెదాలు వాటంతటవే "వె" అన్నాయి. మళ్ళీ మూసుకుంది. అప్పుడు వేళ్ళకున్న రిబ్బను చూసింది. దువ్వెన దిగబడిన జుట్టుతో, గుమ్మంలో కూర్చున్న పిచ్చిక కళ్ళ ముందు మెదిలింది. కడుపులోంచి తన్నుకొచ్చింది కోపం.

"పోతున్నా! పో!" అని అరిచింది.

దోనె గిర్రున తిరిగింది.

అప్పుడు ఆ దిబ్బ మీద వాళ్ళందరూ ఒక్క గొంతుతో, ఎంతో ముద్దుగా, "వెళ్ళిరా తల్లీ!" అన్నారు.

ఎవరైనా వెళ్ళిరా అంటే మనం ఏమంటాం? ఆలోచించకుండానే, "ఆఁ, వెళ్ళొస్తా" అనేస్తాం కదూ? అనకుండా ఉండటానికి నాంచారి రిబ్బను వేళ్ళనుంచి ఊడలాగి, కొస నోట్లో పెట్టుకుని పళ్ళతో గట్టిగా కరిచిపట్టింది. వెనకనుంచి పిలుస్తూనే ఉన్నారు. "వెళ్ళిరా తల్లీ... వెళ్ళిరా..." నాంచారి తల తిప్పలేదు, ఊఁ అనలేదు.

మంచు విడింది. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, గొంతు బొంగురుపోయేలా పిలుస్తున్నాడు గంగరాజు. ఒడ్డున పిచ్చిక, విడిపోయిన జుట్టు గుప్పిట్లో పట్టుకుని ఏడుస్తోంది.

నాంచారి ఎవరితోనూ మాట్లాడలేదు. కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని, రిబ్బను పళ్ళ మధ్యనే పెట్టుకుని, రెండో జడ అల్లింది. జడ చివరికి వచ్చాకే రిబ్బను నోట్లోంచి తీసి ముడి వేసింది. అప్పుడు, "వచ్చేశానయ్యా," అంది.

"గంజి నేను కాస్తాలే," అన్నాడు గంగరాజు.

ఆ మర్నాడు మొగుడూ పెళ్ళాం కలిసి ఆ దోనెని గట్టు మీదుగా మోసుకెళ్ళారు. పాక వెనకాల ఎక్కడ దొరికిందో అక్కడే బోర్లించి, "ఉండు," అంది నాంచారి.

"ఏమ్మా, బాలేదా?" అన్నాడు అప్పన్న.

"బానే ఉంది బాబాయ్, మరీ మాట వింటోంది. ఆ జంటదోనె ఇయ్యి."

"అది బండదమ్మాయ్, ఇద్దరు తోస్తేగానీ కదలదు."

"ఇద్దరం ఉన్నాంగా," అన్నాడు గంగరాజు. తోశారు, తిట్టుకున్నారు, మళ్ళీ తోశారు. వల విసరడానికీ, దిబ్బ మీద రాత్రి ఉండటానికీ, పిచ్చిక షికారుకీ ఆ బండ దోనే పనికొచ్చింది. ఏదైనా చెబితే సగమే వినేది. మిగతా సగం వాళ్ళిద్దరూ తెడ్డు వేసి వినిపించేవాళ్ళు.

పొగమంచు పట్టిన పొద్దున్న తూటిలంకలో ఇప్పటికీ చెరువు మీదనుంచి ఎవరో ముద్దుగా పిలుస్తారట, "వెళ్ళిరా తల్లీ" అని. ఎవ్వరూ పలకరు. ఆ ఊరి ఆడవాళ్ళు పిల్లలకి జడలు వేసేటప్పుడు రిబ్బను ఎక్కడ పెట్టుకుంటారో తెలుసా? పళ్ళ మధ్య. పొద్దున్న మీ అమ్మ నీకు జడ వేసేటప్పుడు అద్దంలో చూడు. ఎందుకని మాత్రం అప్పుడు అడక్కు. పాపం, ఆవిడ పలకలేదు కదా.

కథ వెళ్ళె కంచికి,
దోనె చేరె ఒడ్డుకి,
రిబ్బను ఎక్కె జడకి,
మనం ఇంక ఇంటికి,
కునుకు నీ కంటికి.

ఊఁ, ఇంక నిద్దట్లోకి వెళ్ళు. ఆగాగు, అలా కాదు, చెప్పి వెళ్ళాలి. ఏదీ, అను... "వెళ్ళొస్తా."

ఆఁ. వెళ్ళిరా బంగారం.