సంతకి చేరని బర్రెలు

అనగా అనగా, మట్టి కంటే రాయి ఎక్కువున్న ఒక ఊళ్ళో సైదమ్మ అని ఒకావిడ ఉండేది. కాస్త పక్కకి జరుగు, దుప్పటంతా నువ్వే లాక్కున్నావు. ఆఁ, ఇప్పుడు విను.

ఆ ఊళ్ళో ఎక్కడ గునపం వేసినా నాపరాయే తగిలేది. ఇళ్ళ గోడలు రాయి, పైకప్పు రాయి, పెరటి దడి కూడా వరసగా నిలబెట్టిన రాళ్ళే. సైదమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచీ గనిలో రాళ్ళ తట్ట మోసింది. మోసీ మోసీ, కూలిలో మిగిల్చిన దాంతో ఒక పడ్డని కొంది. పడ్డంటే ఇంకా ఈనని ఆడ బర్రె. దాన్ని మేపింది, పెంచింది. అది ఈనింది, పాలిచ్చింది. ఆ రోజు సైదమ్మ రాళ్ళ తట్టని బోర్లించి, దాని మీద పాలబిందె పెట్టింది. ఇక ఆ తట్ట నెత్తికి ఎత్తనంది.

బర్రెకి దొరసాని అని పేరు పెట్టింది. పేరుకి తగ్గట్టే ఉండేది. పిలిస్తే రాదు, తోలితే పోదు. తనకి బుద్ధి పుట్టినప్పుడు లేస్తుంది, బుద్ధి పుట్టినప్పుడు కూర్చుంటుంది. సైదమ్మ చెయ్యి తగిలితే తప్ప పాలు చేపదు.

అప్పుడు ఒక ఎండాకాలం వచ్చింది. మామూలు ఎండ కాదు. రాతి గోడల మీద చెయ్యి వేస్తే బొబ్బలెక్కేది. బోర్లలో నీళ్ళు అడుగంటాయి. మనుషులు తాగడానికే ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టాలి. ఇక బర్రెల ఒళ్ళు తడిపేదెవరు? బర్రెకి ఒళ్ళంతా నలుపు, తోలు మందం, చెమట తక్కువ. నీళ్ళలో పడుకోకపోతే దాని ఒళ్ళు పొయ్యి మీద పెనంలా కాలిపోతుంది. ఊళ్ళో బర్రెలన్నీ నాలుకలు బయటపెట్టి రొప్పడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత మేత మానేశాయి. ఆ తర్వాత పాలు ఎగబట్టాయి. క్యాన్లు నిండక పాలవ్యాను ఊళ్ళోకి రావడం మానేసింది.

సైదమ్మ అత్త గురవమ్మ గడుసుది. గాటి దగ్గర నిలబడి కోడలితో అంది, "ఏమే, దీనికి రోజూ మోపెడు చొప్ప వేస్తన్నావు. ఇది ఇచ్చేది గ్లాసుడు పాలు. అవి కూడా నీ మొహం చూసి జాలిపడి ఇస్తంది. పెద్ద సంతకి తోలేద్దాం."

"తోలేసి?"

"తోలేసి ఏముంది? గని ఎక్కడికీ పోలేదుగా. తట్టా ఎక్కడికీ పోలేదు."

సైదమ్మకి మెడ నరాలు అప్పుడే లాగినట్టనిపించింది. మొగుడు రాళ్ళ లారీ మీద పోయి వారానికోసారి వస్తాడు. వచ్చినా తల్లి మాటకి ఎదురు చెప్పడు. "పెద్ద సంతకి ఇంకా నెల ఉంది కదా అత్తా. అందాకా ఆగు," అంది.

"ఆగుతా. ఆ రోజు పొద్దున్నే బేరగాడు పేరయ్య వస్తాడు. ఇంక ఏ వంకా చెప్పమాక."

ఆ ఊరి చివర, సంతకి పోయే రోడ్డు పక్కన, పాత గని గుంత ఒకటుండేది. రాయి అయిపోయిందని యజమాని ఎప్పుడో వదిలేసి పోయాడు. చుట్టూ గోడలా నిట్టనిలువు. అడుగున ఎంత ఎండకీ ఎండని ఊటనీళ్ళు, ఆకుపచ్చగా. అలాంటి గుంత దగ్గరికి నువ్వెప్పుడైనా పోయావంటే కాళ్ళు విరగ్గొడతాను, ముందే చెప్తున్నా. ఆ ఊరివాళ్ళూ తమ పిల్లలకి అదే చెప్పేవాళ్ళు. దాని వైపు ఎవరూ పోయేవాళ్ళు కాదు.

సైదమ్మ పోయింది. అంచున నిలబడి చాలాసేపు చూసింది. ఒకవైపు వెనకటికి లారీలు దిగిన బాట ఉంది. దాని మీద రాతి పెళ్ళలు గుట్టగా పడి బాట మూసుకుపోయింది. ఆ బాట కింద నీళ్ళు నడుము లోతే. ఆ లోపలే అసలు లోతు.

అప్పుడు సైదమ్మ సర్పంచి ఇంటికి పోయింది. "ఆ గుంత నాకివ్వండి," అంది.

సర్పంచి తాగుతున్న టీ పొలమారింది. "గుంత నీకెందుకమ్మా? ఏం చేసుకుంటావు, వడియాలు పెడతావా?"

"బర్రెకి స్నానం చేయిస్తా."

"తీసుకో తల్లీ. దాంతోపాటు ఆ రాళ్ళగుట్ట కూడా తీసుకో, పీడా పోతుంది."

అలా ఎవరికీ అక్కర్లేని గుంతా, ఎవరికీ అక్కర్లేని గుట్టా సైదమ్మవయ్యాయి.

ఆ తర్వాత ఆవిడ ఇరవై తట్టలు మోసింది, ఇంకో ఇరవై మోసింది, లెక్క మర్చిపోయి మోసింది. ఏ తట్ట ఇక నెత్తికెత్తనంది, అదే తట్ట. అప్పుడు గనివాళ్ళ కోసం మోసింది, ఇప్పుడు తన కోసం మోసింది. బాట బయటపడింది. అప్పుడు పాలిష్ ఫ్యాక్టరీ వాళ్ళు విరిగాయని పారేసిన పలకలు ఏరుకొచ్చి, మెరిసే వైపు పైకి పెట్టి, ఒకదానికొకటి అతికినట్టు పరిచింది. బాట తళతళా మెరిసింది. పొరుగింటి చెంచమ్మ వచ్చి చూసి, "మా వసారా కూడా ఇంత బాగుండదు వదినా. బర్రె చెప్పులు విడిచి నడుస్తుందా?" అని నవ్వింది.

సైదమ్మ ఆ మధ్యాహ్నమే దొరసానిని తోలుకొచ్చింది. దొరసాని ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టింది. మూడో కాలు పెట్టేసరికి సర్రున జారి, అంత బర్రే వెనక కాళ్ళ మీద కూలబడింది. లేచి, తోక ఎత్తి, ఊళ్ళోకి ఒకటే పరుగు.

అదీ సైదమ్మ చేసిన తప్పు. మనిషి నడిచే గచ్చు వేసింది కానీ గిట్ట నిలిచే బాట వెయ్యలేదు. బర్రె ఒకసారి జారిన చోట మళ్ళీ కాలు పెట్టదు.

సైదమ్మ కూర్చుని ఏడవలేదు. సుత్తీ ఉలీ తెచ్చింది. తిరగలి అరిగిపోతే కక్కు కొడతారే, రాయి గరుకుగా ఉండాలని చిన్న చిన్న గాట్లు, అలా ప్రతి పలకకీ కక్కు కొట్టింది. అరచేతులు కందిపోయాయి. బాట మెరుపంతా పోయింది. చెంచమ్మ మళ్ళీ వచ్చి, "అయ్యో, ఉన్న అందం కూడా చెడగొట్టావే," అంది.

ఆ తర్వాత బర్రెని నమ్మించాలి. మొదటిరోజు బాట పొడుగునా తవుడు చల్లింది. దొరసాని మెడ సాచి, అందినంత మేర నాకి, అక్కడే నిలబడిపోయింది. రెండోరోజు ముగ్గురు మనుషులు పలుపు పట్టి లాగారు. పలుపు తెగింది, మనుషులు వెల్లకిలా పడ్డారు, దొరసాని కదల్లేదు.

మూడోరోజు పెద్ద సంత.

తెల్లారుతూనే పేరయ్య వచ్చాడు. ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా, చేతిలో కర్ర. గురవమ్మ పలుపు విప్పి అతని చేతికిచ్చింది. సైదమ్మ చెంబు అందుకుంది. పెరటి దడి దాటి, అడ్డదారిన గుంత వైపు పరిగెత్తింది.

ఆ రోజు ఒక్క దొరసానే కాదు, సంతకి ఊళ్ళో సగం బర్రెలు బయల్దేరాయి. పాలివ్వని బర్రెని ఎండాకాలమంతా ఎవరు మేపుతారు? వరసగా రోడ్డు మీద ఎముకలు తేలిన బర్రెలు, పక్కన తలలు వంచుకున్న మనుషులు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఎండ అప్పుడే నడినెత్తికి ఎక్కినట్టుంది.

గుంత పక్కకి వచ్చేసరికి దొరసాని ఆగింది.

కింద నడుము లోతు నీళ్ళలో సైదమ్మ నిలబడి ఉంది. బర్రెని పిలవలేదు. అసలు దాని వైపు చూడనే లేదు. చెంబుతో నీళ్ళు ముంచుకుని నెత్తిన పోసుకుంది. మళ్ళీ ముంచింది, మళ్ళీ పోసుకుంది. ఒంటరిగా, తాపీగా, లోకంలో ఇంకో పని లేనట్టు స్నానం చేస్తోంది. పిలిస్తే రానిదాన్ని పిలవడమెందుకు?

పేరయ్య "హై హై" అన్నాడు. దొరసాని చెవులు నిక్కబొడుచుకుంది. ముక్కు పైకెత్తింది. గాలి గుంత మీద నుంచి వీచింది. తడి వాసన. దొరసాని ఒక్కసారి తల విదిలించింది, పలుపు పేరయ్య చేతిలోంచి జారింది. బాట అంచుకి వచ్చి ఒక కాలు పెట్టింది. ఆగింది. గిట్టతో రాయిని తట్టి చూసింది. రాయి పట్టింది. రెండో కాలు. మూడో కాలు. అమ్మయ్య, నాలుగో కాలు! నిదానంగా, పల్లకీ దిగుతున్న దొరసానిలాగే, నీళ్ళలోకి దిగింది. కడుపు మునిగింది, వీపు మునిగింది, మెడ మునిగింది. చివరికి ముక్కూ కళ్ళూ కొమ్ములూ మాత్రం పైన మిగిలాయి.

అప్పుడు జరిగింది అసలు సంగతి.

రోడ్డు మీద ఉన్న బర్రెలన్నీ అది చూశాయి. వాసన పట్టాయి. ముందు చెంచమ్మ బర్రె పలుపు తెంపుకుంది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక అన్నీ! నేల దడదడలాడింది. దుమ్ము లేచి సూర్యుడు కనపడలేదు. ఆ గరుకు బాట మీద ఒకదాని వెనక ఒకటి, నల్లటి వాగు కొండ దిగినట్టు దిగాయి. ఒక్కటి కూడా జారలేదు. మనుషులు కర్రలు పట్టుకుని ఎక్కడివాళ్ళు అక్కడే నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు.

"అమ్మమ్మా, మునిగిపోలేదా?"

బర్రె మునగడమేంటే పిచ్చిపిల్లా! పుట్టుకతోనే ఈత వస్తుంది దానికి. అవన్నీ నీళ్ళలో సర్దుకున్నాయి. దుమ్ము దిగింది. అప్పుడు అన్నీ కలిసి ఒక్కసారి ఊపిరి వదిలాయి. ఎన్ని వారాల నుంచి బిగపట్టిన ఊపిరో అది! ఆ నిట్టూర్పు గుంత గోడలకి తగిలి, పైకి లేచి, అంచున నిలబడ్డవాళ్ళ ఒంటికి చల్లగా తగిలింది. బర్రె వెనకే వచ్చిన గురవమ్మ చెప్పులు ఎప్పుడు విడిచిందో తనకే తెలియదు, గుడి ముందు నిలబడ్డట్టు ఉత్తకాళ్ళతో నిలబడింది.

పేరయ్య ఒక్కడే అరిచాడు. గులకరాళ్ళు విసిరాడు. ఆఖరికి పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి పలుపు లాగాడు. ఎండలో నీళ్ళలో ఉన్న బర్రెని బయటికి తీయడం ఎవరి తరం? దొరసాని ఒక్క పొర్లు పొర్లింది. పేరయ్య తెల్ల చొక్కా బురదలో ముంచి తీసినట్టయింది. పొద్దు వాలేదాకా ఏ బర్రే గట్టెక్కలేదు. అప్పటికి సంత ముగిసింది.

ఆ సాయంత్రం దొరసాని చేపింది. పెద్దగా కాదు, రెండు గ్లాసులు. మర్నాడు ఇంకొంచెం. వారం తిరిగేసరికి బిందె అడుగు కనపడకుండా నిండింది.

ఊరంతా సైదమ్మ ఇంటి ముందుకొచ్చింది. మా బర్రెల్ని కూడా రోజూ దించనివ్వమని అడిగారు. సైదమ్మ ఇలా చెప్పింది, "దించుకోండి. ఇటు మొలబంటి లోతు దాకా మీ ఇష్టం. బాట కక్కు అరిగితే తలా ఒక పూట వచ్చి కొట్టండి. అక్కడ పడ్డ పేడ మాత్రం నాది."

"పేడేగా!" అని అందరూ నవ్వుకుంటూ పోయారు.

అప్పుడు సైదమ్మ ఆ పేడనంతా రాళ్ళగుట్ట మీద పరిచింది. పశువుల ఆసుపత్రి వెనక పెరిగే గడ్డి కణుపులు అడిగి తెచ్చి నాటింది. బర్రెలు కలచిన ఆ ఆకుపచ్చ నీళ్ళే తోడి పోసింది. వానలొచ్చాయి, పోయాయి. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి, చుట్టూ ఊరు ఊరంతా కాలిన పెనంలా ఉంటే, ఆ రాళ్ళగుట్ట మీద మనిషెత్తు పచ్చగడ్డి ఊగుతోంది. రాయి మీద గడ్డి! పై ఊళ్ళ నుంచి కూడా వచ్చి తాకి చూసి పోయారు, నిజమా కాదా అని.

ఊరివాళ్ళు గడ్డి మోపులు కొనుక్కోవడం మొదలుపెట్టారు. అప్పుడు చెంచమ్మకి వెలిగింది. నడుం మీద చేతులు పెట్టుకుని, "ఓసి నీ తెలివీ! మా పేడనే మాకు అమ్ముతున్నావా?" అంది.

"మీ ఇంట్లో ఉన్నప్పుడు ఆ పేడకి గడ్డి మొలవలేదేం వదినా?" అంది సైదమ్మ. చెంచమ్మ పకపకా నవ్వి, ఇంకో మోపు ఎత్తుకుంది. తర్వాత తనూ ఇంటి వెనక రాళ్ళ మీద పేడ పరవడం మొదలుపెట్టింది. సైదమ్మే కణుపులు ఇచ్చింది, ఊరికే కాదు, పాతిక రూపాయలు తీసుకునే ఇచ్చింది.

పాలవ్యాను తిరిగొచ్చింది. క్యాన్లు చాలక ఇంకో వ్యాను తెచ్చుకున్నారు.

ఆ ఏడాది పెద్ద సంత ముందు రోజు పేరయ్య మళ్ళీ వచ్చాడు. ఊరంతా తిరిగాడు. ఒక్కరూ బర్రె అమ్మలేదు. చివరికి గురవమ్మ దగ్గరికొచ్చి, "దొరసానికి ఎంత అడిగితే అంత ఇస్తా. పలుపు ఇప్పించు," అన్నాడు.

గురవమ్మ అప్పుడు బాట మీద గొంతుక్కూర్చుని, ఉలి పట్టుకుని, తన వంతు కక్కు కొడుతోంది. తల ఎత్తలేదు. "మా కోడలు కింద నీళ్ళ దగ్గర ఉంది. బర్రె దానిది. దాన్నే అడుక్కో," అంది. "బాట మీద అడ్డం లే ముందు, బర్రెలొచ్చే వేళయింది."

బర్రె గుంతకి, పేడ గుట్టకి,
గడ్డి గాటికి, పాలు బిందెకి,
కథేమో కంచి బాటకి,
కళ్ళేమో నిద్ర తోటకి.