ముడులున్న గుడ్డ

ఆ ఊరి చర్చిలో, రొట్టె విరిచే ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డలో ఒక్క ముడి కూడా కనబడకూడదు. అది ఆనవాయితీ. ఏళ్ళ తరబడి దాన్ని నేసేది తబితమ్మే. ముడి లేని నేత అంటే ఆమెదేనని నలుగురూ అంటుంటే లోలోపల మురిసిపోయేది కూడా.

ఆ ఏడు ఆఖరి నూలు చిలపను ఎలుకలు ముక్కలు ముక్కలుగా కొరికేశాయి. అతికితే ముడులు పడతాయి. పక్కింటి లేయమ్మ దండెం మీద గంజి పెట్టిన నూలు ఆరుతోంది. తబితమ్మ అందులోంచి ఒక్క చిలప తీసుకుని గుడ్డ ముగించేసింది. లేయమ్మ వచ్చి అడిగితే, "కాకులు ఎత్తుకుపోయుంటాయి వదినా," అంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, గుడ్డ కోయడానికి మగ్గం గుంటలో దిగేసరికి గుమ్మానికి అడ్డంగా ఒకడు నిలబడి ఉన్నాడు. వెనక ఎండ ఉండడంతో ముఖం కనబడలేదు.

"దొంగా," అన్నాడు. ఏం తీశావని అడగలేదు. "నీ చేయి తగిలిన గుడ్డ మీదా రొట్టె పెట్టేది? విప్పేయ్."

తబితమ్మ బెత్తెడు విప్పింది. చాలదన్నాడు. మర్నాడు మూరెడు విప్పింది. చాలదన్నాడు. లేయమ్మ నూలు ఎప్పుడో బయటికి వచ్చేసింది. మూడో రోజుకి గుడ్డంతా అయిపోయినా వాడు గుమ్మం వదల్లేదు. నాలుగో రోజు ఆమె తన చీర కొంగు విప్పడం మొదలుపెట్టింది.

కొంగు అయిపోయాక కూడా దారం వస్తూనే ఉంది. చూసుకుంటే అది చిటికెన వేలి కొసనుంచి వస్తోంది. నొప్పి లేదు. వేలు మాత్రం ఒక కణుపు తగ్గింది.

"ఇంకా," అన్నాడు గుమ్మంలోవాడు.

అప్పుడు గమనించింది, గుంటలో తన పక్కనే ఎవరో కూర్చుని ఉన్నారు. ఎటునుంచి దిగాడో తెలియదు. ఆయన అరచేతుల్లో పాత గాయాలున్నాయి.

"తబితా," అన్నాడాయన, "లేయమ్మ చిలప ఏది?"

దొంగా అన్న మాటకన్నా ఆ ప్రశ్నే గట్టిగా తగిలింది. అన్ని రోజులూ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. "కాకులు కాదయ్యా. నేనే తీశాను," అంది.

ఆయన చిక్కుపడ్డ కుప్పలోంచి, వెతక్కుండానే, లేయమ్మ నూలు ఒక్కటే పైకి తీసి చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. మిగతా కుప్ప వైపు చూడనైనా లేదు. "ఇచ్చిరా," అన్నాడు.

ఆమె లేచింది. గుమ్మంలోవాడు మొదటిసారి గొంతు తగ్గించాడు. "ఎందుకులే. ఒక్క చిలపేగా. ఎవరు మాత్రం తీయరు?"

తబితమ్మ ఆగి వాడివైపు చూసింది. ఇన్నాళ్ళూ తనను దొంగ అన్నది ఈ నోరే. కళ్ళు మూసుకుని వాడి మీదికే నడిచింది. ఏదీ అడ్డు తగల్లేదు, చల్లగా మాత్రం అనిపించింది.

లేయమ్మ పెరట్లో కాకుల మీద రాళ్ళు విసురుతోంది. తబితమ్మ చిలప చేతికిచ్చి జరిగింది చెప్పింది. లేయమ్మ చేతిలోని రాయి కింద పడేసింది.

"నాలుగు రోజులుగా ఆ నోరులేని వాటిని తిట్టిపోస్తున్నానే. అడిగితే ఇవ్వననుకున్నావుటే?"

కోపం తగ్గలేదు. ఆ కోపంతోనే లోపలికి నడిచి, తన మగ్గం దగ్గర జరిగి చోటిచ్చింది. "ఆ తెగిన ముక్కలన్నీ పట్రా. అతుకుదాం."

ఆదివారం బల్ల మీద గుడ్డ పరిచారు. నిండా ముడులే. జనం గుసగుసలాడుకున్నారు. పాస్టరుగారు రొట్టె విరిచే వేళకు వాకిట్లో ఎండకు అడ్డంగా ఒకడు వచ్చి నిలబడ్డాడు.

"దొంగా," అన్నాడు.

పాస్టరుగారితో సహా అందరూ ఉలిక్కిపడి తలుపు వైపు చూశారు. తబితమ్మ ఒక్కతే అటు తిరగలేదు. కణుపు తగ్గిన వేలితో ఒక ముడిని తడిమి, రొట్టె కోసం చేయి చాచింది.