ఎలమి నేసిన పెళ్ళిదుప్పటి

"గురువుగారూ, మనమే పొరపాటున దారి మూసేస్తే ఆయన ఇక రాడా?" అని మిన్నడు అడిగాడు. శిష్యులందరిలోకీ పిరికివాడు అతనే.

రెండు చందమామలు పొడిచే ఆ కొండసీమలో దేవుడు ఒక్కడే. ఆయన పేరు ముగించనివాడు. లోకాన్ని ఆయన ఇంకా చేస్తూనే ఉన్నాడట. అందుకే అక్కడివాళ్ళు ఏ పనినీ పూర్తిగా ముగించరు. గోడకు ఒక రాయి తక్కువ పెడతారు, పాటలో చివరి మాట పాడకుండా వదిలేస్తారు. ఆ వెలితిలోంచే ఆయన లోపలికి వస్తాడని వాళ్ళ నమ్మకం.

జాళువ గురువుగారు గంజిలో చివరి గుక్క అలవాటుగా వదిలేసి, గిన్నె పక్కన పెట్టి, తాను వయసులో ఉండగా చూసిన ఒక పెళ్ళి సంగతి చెప్పారు.

పెళ్ళికూతురు ఎలమి. పెళ్ళిలో వధూవరులు కప్పుకునే దుప్పటిని ఆ సీమలో పెళ్ళికూతురే నేయాలి, నేసి ఒక మూల కాసిని పోగులు అల్లకుండా వదలాలి. ఎలమి మాత్రం కనుమ అవతలి పెళ్ళికొడుకు తరగడినే తలుచుకుంటూ, వెన్నెల్లో నడిచినట్టు నేసుకుంటూ పోయి, నాలుగు అంచులూ మూసేసింది. ఆ సంగతి ముహూర్తానికి గానీ ఎవరూ చూసుకోలేదు.

గుడి పెద్దమ్మ దుప్పటి అంచులన్నీ వేలితో తడిమి చూసింది. "ఏమే పిల్లా, ఆయన ఎటు నుంచి రావాలి? నీ మొగుడి జేబులోంచా?" అంది.

ఎలమి ముఖం పాలిపోయింది. అప్పటికే కొండ మీద మంచుమబ్బు దిగుతోంది. సాయంత్రంలోగా పెళ్ళివారు కనుమ దాటకపోతే దారి మూసుకుపోతుంది. పెళ్ళి కాకుండా వెళ్ళారా, మళ్ళీ మంచు కరిగేదాకా తరగడు రాలేడు.

"దానికేముందమ్మా, కత్తెర తెప్పించండి" అన్నాడు తరగడి తండ్రి.

"కోసి చేసిన వెలితి అబద్ధం. అబద్ధంలోంచి ఆయన రాడు" అంది పెద్దమ్మ.

ఎలమి దుప్పటి మీద ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. తరగడు వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. పెద్దలు మాత్రం గొంతులు పెంచి వాదించుకుంటున్నారు.

అంతలో కరకరమని చప్పుడయింది. గుంజకు కట్టి ఉండాల్సిన మేక ఎప్పుడు వచ్చిందో, తాపీగా దుప్పటి మూల నములుతోంది! పెద్దమ్మ కర్ర ఎత్తి, ఎత్తిన చేయి అలాగే ఆపేసింది. తడిసిన పోగులు విడివడి వేలాడుతున్నాయి. వాటి మధ్య నుంచి వేలు దూర్చి చూసింది. వేలు అవతలికి వచ్చింది.

"వచ్చేశాడర్రా! చూస్తారేం, కప్పండి, కప్పండి!" అని అరిచింది.

అంతే, అందరి గుండెల మీది బరువూ దిగిపోయింది. ఏడుస్తున్న ఎలమికి ఫక్కున నవ్వొచ్చింది. మేక వాసన కొడుతున్న ఆ దుప్పటి కిందే ఇద్దరూ మాట ఇచ్చుకున్నారు. పెళ్ళివారు కనుమ దాటాక గానీ మంచు కురవలేదు.

మిన్నడు గట్టిగా ఊపిరి వదిలాడు. "అయితే ఆ మేకను పంపింది ఆయనేనా, గురువుగారూ?" అన్నాడు.

"అదేమో నాకు తెలీదురా" అన్నారు జాళువ గురువుగారు. "ఆ పొద్దున మేకను కట్టింది నేనే. మన ధర్మం తప్పకుండా కట్టాను. ముడి చివరిదాకా బిగించలేదు."