చేటలో మూడక్షరాలు

పిల్లలూ, మీచేత మొట్టమొదట అక్షరం ఎందులో దిద్దించారు? పలకమీద కాదు, ఆలోచించండి. ఆఁ, బియ్యంలో! అలాంటి బియ్యం కథే ఇది.

అనగనగా చదువు అడుగుపెట్టని ఒక ఊరు. ఆడవాళ్ళు అక్షరం తాకితే కళ్ళు పోతాయని అక్కడ బెదిరింపు. ఆ ఊళ్ళో ఎల్లసాని, ఆమెకు చిలక అనే ఎనిమిదేళ్ళ కూతురు.

ఒకనాడు గండప్ప అనేవాడు రాజోద్యోగినంటూ తాటాకు పట్టుకుని వచ్చాడు. "చిలకను కోటలో దాసిగా పంపమని రాజాజ్ఞ. మూడు రోజులే గడువు!" అన్నాడు.

ఆకుమీద రాజముద్ర చూసి చిలక తండ్రి తల వంచాడు. చదువురాని ఊరి పెద్దలూ వంచారు.

ఎల్లసాని మాత్రం వంచలేదు. కొండమీది మంత్రగత్తె అవ్వ దగ్గరికి పరుగెత్తింది.

"ఈ విభూతి చల్లు. వాడు కప్ప అయిపోతాడు," అంది అవ్వ.

"రేపు ఇంకొకడు వస్తే?"

"మళ్ళీ నా దగ్గరికి రా."

"ఎప్పటికీ ఒకరి గడప తొక్కడమేనా? అవ్వా, నీకొచ్చిన విద్యే నాకు నేర్పు."

అవ్వ తెల్లబోయింది. "ఇన్నేళ్ళలో ఇలా అడిగింది నువ్వొక్కతెవే! నా విద్యకు మొదలు అక్షరం. మూడు రోజుల్లో అంతా రాదు. నీ బిడ్డ పేరు నేర్చుకో," అని చేటలో బియ్యం పోసింది.

మొదటి రోజు చి. రెండో రోజు ల. మూడో రోజు క.

తిరుగుదారిలో క మరిచిపోయింది! అరచేతిలో దిద్దింది, రాలేదు. మోకాలిమీద దిద్దింది, రాలేదు. కళ్ళు మూసుకుని గాలిలో దిద్దితే, వేలికే గుర్తొచ్చింది.

ఊళ్ళో అప్పటికే చిలకను బండి ఎక్కించారు. "అమ్మా!" అని ఏడుస్తోంది.

"అయ్యా, ఆకులో నా బిడ్డ పేరేదీ?" అంటూ ఎల్లసాని బండికి అడ్డంగా నిలబడింది.

"నీకేం తెలుస్తుందే? పోయి పొయ్యి ఊదుకో!" అన్నాడు గండప్ప.

ఒకవేళ పేరు నిజంగా ఉంటే? అయినా ఎల్లసాని వేలితో దుమ్ములో రాసింది. "ఇది చిలక. ఈ మూడు గుర్తులూ ఇదే వరసలో ఆకులో ఉన్నాయేమో, పెద్దలు మీరే పోల్చండి."

పెద్దలు ఆకు లాక్కుని వంగి చూశారు. పై వరసలో లేవు. మధ్య వరసలో లేవు. అడుగు వరసలోనూ లేవు.

తలెత్తేసరికి గండప్ప పరుగో పరుగు! ఆ ఆకు ఏ ఉప్పుబండికో దారి వదలమని ఇచ్చిన అనుమతి అని తర్వాత అవ్వ చదివి చెప్పింది.

తండ్రి సిగ్గుతో చిలకను దించాడు. ఆడవాళ్ళంతా ఎల్లసాని చుట్టూ మూగారు. "అక్కా, మా పిల్ల పేరెలా రాస్తారే?"

విన్నారుగా? ఒకరిచ్చిన మాయ ఒక పూటకే. మనం నేర్చిన విద్య మన వెంటే. ఇక లేవనివ్వండి నన్ను, బియ్యం సగమే ఏరాను, అవతల ఎసరు మరిగిపోతోంది.